కంచె తీసిన కణాలు

పిల్లలూ! హైదరాబాదులో తార్నాక అనే చోటు పేరు మీరు వినే ఉంటారు. ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆవరణను ఆనుకొని ఉన్న కూడలి అది. 'తార్' అంటే ఉర్దూలో తీగ. 'నాకా' అంటే దారిలో కాపలా ఉండే చోటు. ఒకప్పుడు అక్కడ తీగకంచె, దానికొక నాకా ఉండేవనీ, అందువల్లనే ఆ పేరు వచ్చిందనీ పాతవాళ్ళు చెబుతారు. ఇప్పుడక్కడ కంచె లేదు, మెట్రో రైలు స్టేషను ఉంది. ఈ పాఠం కంచెల గురించే కనుక ఆ పేరుతో మొదలుపెట్టాను.

2006లో మా బడి పిల్లలను ఉస్మానియా ఆవరణ చూపించడానికి తీసుకువెళ్ళాను. మాది నగరానికి రెండు గంటల బస్సు ప్రయాణం దూరంలో ఉన్న ఊరు. వరి పండే ఊరు. 1939లో ప్రారంభమైన ఆర్ట్స్ కాలేజి రాతి కట్టడం ముందు పిల్లలందరూ నోరు తెరిచి నిలబడ్డారు. వృక్షశాస్త్రం వారి తోటలో మొక్కల పేర్లు రాసుకొన్నారు. అక్కడ తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె నోటు పుస్తకంలోంచి ఎండిన వరి ఆకు తీసి నా చేతిలో పెట్టింది. ఆకు అంచుల వెంట, కొన నుంచి కిందికి, అలలు అలలుగా గడ్డిరంగు తిరిగి ఉంది.

"ఇది మా చేనుది సార్. మా నాయిన కౌలుకు చేసిండు. రెండెకరాలు ఇట్లనే అయింది. గట్టు మీది గడ్డికి ఏం కాలేదు. మా వరికే ఎందుకు రావాలె?" అని అడిగింది.

అది బాక్టీరియా ఎండాకు తెగులు. జాంథొమోనాస్ ఒరైజే అనే బాక్టీరియా వల్ల వస్తుంది. ఆకు అంచున నీరు చెమర్చే సన్నని రంధ్రాల గుండా, గాలికి ఆకులు రాసుకొన్నప్పుడు పడే గాయాల గుండా లోపలికి దూరి, నీరు మోసే నాళాలను నింపేస్తుంది. మీ చేలో ఇటువంటి ఆకు కనబడితే పచ్చగా ఉండగానే అడ్డంగా కత్తిరించి, గాజు గ్లాసులోని శుభ్రమైన నీళ్ళలో కోసిన కొన మునిగేటట్లు నిలబెట్టండి. కొద్దిసేపటికి ఆ కొన నుంచి పాలవంటి చార నీళ్ళలోకి జారుతుంది. ఆ పాలచారలో ఉన్నవి లెక్కలేనన్ని బాక్టీరియాలు. మందు చల్లి ఈ తెగులును పూర్తిగా అదుపు చేయడం చాలా కష్టం. యూరియా ఎక్కువ వేసిన చేలో ఇంకా విజృంభిస్తుంది.

ఇక ఆ అమ్మాయి ప్రశ్న. దానికి సగం జవాబు నాకు అప్పుడే తెలుసు. అడవిలో పెరిగే మొక్కకు రైతు లేడు. తెగులుకు లొంగే మొక్క చచ్చిపోతుంది, తట్టుకొన్నది విత్తనం రాలుస్తుంది. వేల ఏళ్ళుగా ఇదే పరీక్ష. మన పైరు సంగతి వేరు. మనం గింజ బరువు చూశాం, అన్నం రుచి చూశాం, ఒకేసారి కోతకు వస్తుందా లేదా అని చూశాం. అలా ఏరుకొంటూ వచ్చిన దారిలో ఎన్నో నిరోధగుణాలను ఎక్కడెక్కడో పారేసుకొన్నాం. వాటిలో చాలా భాగం అడవిలో ఉన్న పైరు చుట్టాల దగ్గర ఇప్పటికీ పదిలంగా ఉన్నాయి.

"అయితే తెచ్చుకోవచ్చు కదా!" అంటారు మీరు. పుప్పొడి తెచ్చి కీలాగ్రం మీద రాస్తే సరిపోదా?

దగ్గరి చుట్టాలైతే సరిపోతుంది. దూరపు చుట్టాలైతే కుదరదు. కొన్నిచోట్ల పరాయి పుప్పొడి కీలాగ్రం మీద మొలకెత్తనే మొలకెత్తదు. మొలకెత్తినా దాని నాళం అండం దాకా చేరదు. చేరి పిండం ఏర్పడినా, దానికి ఆహారమిచ్చే కణజాలం ఎదగక గింజ ముడుచుకుపోతుంది. జాతికీ జాతికీ మధ్య ప్రకృతి వేసిన కంచె ఇది. అది పువ్వులో ఉంది. మరి పువ్వును వదిలేసి, ఆకులోని కణాలనే కలిపితే? ఈ ఆలోచనే కణసంయోగానికి మూలం.

ఇక్కడ ఇంకో కంచె అడ్డం వచ్చింది. జంతుకణానికి పైన పలుచని పొర మాత్రమే ఉంటుంది. మొక్క కణానికి ఆ పొర పైన సెల్యులోజ్‌తో కట్టిన గట్టి గోడ, అంటే కణకవచం, ఉంటుంది. ఇటుకకూ ఇటుకకూ మధ్య సున్నంలాగా, కణాల మధ్య పెక్టిన్ అనే జిగురు పదార్థం ఉంటుంది. ఈ గోడలు ఉన్నంత వరకు లోపలి జీవపదార్థాలు ఒకదాన్నొకటి తాకలేవు. కత్తితో కోసి గోడ తీయవచ్చు కాని, దొరికే కణాలు గుప్పెడైనా ఉండవు.

1960లో ఇంగ్లండులోని నాటింగ్‌హామ్‌లో కాకింగ్ అనే శాస్త్రజ్ఞుడు ఒక సులువు కనిపెట్టాడు. చెట్టు మొద్దును కుళ్ళబెట్టే బూజుకు సెల్యులోజ్‌ను తినడం ఎలా వచ్చు? దాన్ని కరిగించే ఎంజైమును స్రవించడం వల్లనే కదా! అటువంటి ఒక బూజు ఎంజైములో టొమాటో వేరుకొనలను ఉంచితే గోడలు కరిగి, లోపలి కణాలు గుండ్రంగా బయటపడ్డాయి. గోడ లేని ఆ కణాలను ప్రోటోప్లాస్టులు అంటారు. తరువాత జపాన్‌లో టకెబే బృందం పొగాకు ఆకుల నుంచి వీటిని పెద్ద ఎత్తున తీసింది. ఈ పనికి బాగా వాడుకలోకి వచ్చిన సెల్యులేజ్ ఎంజైము ట్రైకోడెర్మా విరిడి అనే శిలీంధ్రం నుంచి వస్తుంది. రైతు కుటుంబాల పిల్లలకు ఈ పేరు కొత్తకాదు. పశువుల ఎరువులో కలిపి చేలో చల్లే పొట్లాల మీద చూసి ఉంటారు. అదే జాతి!

గోడ తీయగానే ఒక ప్రమాదం ఉంది. మంచినీళ్ళలో ఉంచితే ప్రోటోప్లాస్టు నీరు పీల్చుకొని ఉబ్బి, పటుక్కున పగిలిపోతుంది. అందుకని మానిటాల్ అనే ఒక రకం చక్కెర పదార్థాన్ని తగినంత కలిపిన ద్రావణంలో ఉంచుతారు. లోపలి చిక్కదనానికి బయటి చిక్కదనం సరితూగితే కణం క్షేమం. ఒక గ్రాము ఆకు నుంచి పది లక్షలకు పైగా ప్రోటోప్లాస్టులు తీయవచ్చు. సూక్ష్మదర్శినిలో చూస్తే పచ్చని హరితరేణువులు నిండిన గాజుగోళీల్లా ఉంటాయి.

ఇప్పుడు రెండు రకాల గోళీలను ఒకే గిన్నెలో పోస్తే కలుస్తాయా? కలవవు. వాటి పొరల మీద రుణ విద్యుదావేశం ఉంటుంది, అందువల్ల ఒకదాన్నొకటి తోసుకొంటాయి. 1974లో కెనడాలో కావ్, మికాయ్‌లుక్ అనేవాళ్ళు పాలిఇథిలీన్ గ్లైకాల్ అనే జిగట పదార్థం వేసి చూశారు. కణాలు జంటలు జంటలుగా అతుక్కుపోయాయి. తరువాత దాన్ని కడిగేస్తే అతుకు దగ్గర రెండు పొరలూ తెరుచుకొని ఒకటయ్యాయి. అమ్మ చారులో పోపు వేసినప్పుడు పైన తేలే నూనె చుక్కలను చూశారా? రెండు చుక్కలు పక్కపక్కనే కొంచెంసేపు ఆగి, ఉన్నట్లుండి ఒకే పెద్ద చుక్క అవుతాయి. సరిగ్గా అలాగే ఉంటుంది. ఇప్పుడు చిన్న విద్యుత్ ఘాతంతో కూడా ఈ పని చేస్తున్నారు.

అయితే గిన్నెలో అన్నీ మనం కోరిన జంటలే ఉండవు. 'క', 'గ' అనే రెండు మొక్కల కణాలు పోస్తే 'క-క', 'గ-గ' జంటలు కూడా ఏర్పడతాయి. కలవనివి అంతకన్న ఎక్కువ. 'క-గ'ను ఏరడం ఎలా? ఒక ఉపాయం చెబుతాను. ఒక మొక్క కణాలను పచ్చని ఆకు నుంచి, రెండోదాని కణాలను చీకటిలో పెంచిన రంగులేని కణజాలం నుంచి తీస్తారు. అప్పుడు కోరిన జంట ఒకవైపు పచ్చగా, ఒకవైపు తెల్లగా కనిపిస్తుంది. సన్నని గాజుగొట్టంతో దాన్ని పైకి లాగుతారు. అంత ఓపిక నాకైతే లేదు.

ఏరిన కణం కొద్ది రోజుల్లో తన గోడ తానే కట్టుకొంటుంది. తరువాత విభజన చెంది, ఆకూ వేరూ అని తేడా లేని ఒక ముద్ద అవుతుంది. దాన్ని కాలస్ అంటారు. 1957లో స్కూగ్, మిల్లర్ అనే శాస్త్రజ్ఞులు చూపిన దాని ప్రకారం, ఆక్సిన్ పాలు ఎక్కువైతే ఆ ముద్ద వేళ్ళు వేస్తుంది, సైటోకైనిన్ పాలు ఎక్కువైతే చిగుళ్ళు వేస్తుంది. కొబ్బరి నీళ్ళలో సైటోకైనిన్లు ఉంటాయి కనుక తొలి రోజుల్లో ఆ నీళ్ళనే పోసేవారు.

చెప్పడానికి ఇది రెండు మాటలే. చేయడం మాటలు కాదు. ఒకసారి మా బడిలోనే క్యారెట్ ముక్కతో ప్రయత్నించాను. కుక్కర్‌లో సీసాలు ఉడికించాను, చైనా గ్రాస్, చక్కెర కలిపి పోశాను, పిల్లలను దగ్గరికి రానివ్వలేదు. నాలుగో రోజుకు నాలుగు సీసాల్లోనూ దట్టంగా బూజు! ఒకదానిలో నల్లది, మిగతావాటిలో తెల్లది. మొక్క కణం నెమ్మదిగా విభజన చెందుతుంది, బూజు ఆలోగా సీసా అంతా ఆక్రమించేస్తుంది. ప్రయోగశాలల్లో వడపోసిన గాలి వీచే పెట్టెలో చేతులు పెట్టి పనిచేయడం వేడుక కోసం కాదని ఆ రోజు నాకు బాగా అర్థమైంది.

బూజు పట్టకపోయినా ఇంకో చిక్కు ఉంది. కణజాలాన్ని సీసాల్లో చాలాకాలం పెంచితే అది మొక్కను ఇచ్చే శక్తిని పోగొట్టుకొంటుంది. ముద్దగానే పెరుగుతుంది తప్ప చిగురు వేయదు. వరిలో ఈ బాధ ఎక్కువ. దీని మీద పనిచేసినవారిలో మన తార్నాక పక్కనే, ఉస్మానియా జన్యుశాస్త్ర విభాగంలోని పి.బి. కవికిషోర్, జి.ఎం. రెడ్డి గారలు ఉన్నారు. నాలుగు రకాల వరితో ప్రయోగాలు చేసి, సీసాలోని ద్రావణపు ద్రవాభిసరణ బలాన్ని సరిచేస్తే ఆ శక్తిని నిలుపుకోవచ్చుననీ, పోయినదాన్ని తిరిగి తెప్పించవచ్చుననీ 1986లో ప్రకటించారు. కణం పగలకుండా కాపాడిన సూత్రమే ఇక్కడ చిగురు తెప్పించడానికి పనికివచ్చింది. పాఠంలో ద్రవాభిసరణ వచ్చినప్పుడు "ఇదెందుకు సార్?" అని అడిగేవారికి నేను ఈ సంగతే చెబుతాను.

సరే, ఇంతా చేసి ఏం సాధించారు?

1972లో అమెరికాలో కార్ల్‌సన్, ఆయన సహచరులు రెండు అడవి పొగాకు జాతుల కణాలను కలిపి మొదటి సంకర మొక్కను పెంచారు. ఒక జాతికి 24 క్రోమోజోములు, రెండోదానికి 18. సంకరానికి 42 వచ్చాయి. ఆ రెండు జాతులూ పుప్పొడితో కూడా కలుస్తాయి. కలిసేవాటినే ఎందుకు ఎంచుకొన్నారంటారా? మామూలు పద్ధతిలో పుట్టిన సంకరంతో దీన్ని పోల్చి చూసుకోవడానికి వీలుంటుందని. మంచి ప్రయోగం అంటే అలా ఉండాలి.

1978లో జర్మనీలో మెల్కర్స్ బృందం బంగాళాదుంప, టొమాటో కణాలను కలిపింది. పత్రికల్లో పైన టొమాటోలు, కింద దుంపలు విరగకాసిన బొమ్మలు వచ్చాయి. నిజంగా పుట్టిన మొక్కల నుంచి తినదగిన టొమాటోలూ రాలేదు, చెప్పుకోదగ్గ దుంపలూ రాలేదు. మరీ దూరపు జాతుల క్రోమోజోములు ఒక కణంలో ఇమడలేవు. ఇక్కడ ఒక హెచ్చరిక. పైన టొమాటో, కింద బంగాళాదుంప ఉన్న మొక్కను 2013లో ఇంగ్లండులో ఒక కంపెనీ అమ్మకానికి పెట్టింది. దాని చిత్రాలు మీరు చూసి ఉండవచ్చు. అది అంటుకట్టిన మొక్క. అందులో కణాలు కలవలేదు. మామిడికి కట్టినట్లే కట్టారు.

అసలైన ఫలితం వచ్చింది తెగుళ్ళ దగ్గర. 1845 నుంచి ఐర్లండులో బంగాళాదుంపకు ఆకుమాడు తెగులు వచ్చి, ఆ కరువులో దాదాపు పది లక్షలమంది చనిపోయారు. ఆ తెగులును తట్టుకొనే అడవి బంగాళాదుంప ఒకటి మెక్సికోలో ఉంది. దాని పేరు సొలానం బల్బోకాస్టానం. దానికి 24 క్రోమోజోములు, మనం తినే దుంపకు 48. పుప్పొడితో నేరుగా సంకరం కుదరదు. 1990ల తొలి సంవత్సరాలలో అమెరికాలోని విస్కాన్సిన్‌లో హెల్గెసన్ బృందం రెండింటి ఆకుకణాలను కలిపి మొక్కలను పెంచింది. వాటిని తెగులున్న పొలంలో నాటితే పక్క మొక్కలన్నీ మాడిపోయినా ఇవి నిలిచాయి. వీటికి పువ్వులు పూశాయి, మామూలు బంగాళాదుంపతో సంకరం కూడా కుదిరింది! కంచె ఒక్కసారి దాటితే చాలు, ఆ తరువాత పాత దారిలోనే నడవవచ్చునన్నమాట. చివరికి ఆ నిరోధశక్తికి కారణమైన జన్యువును విడిగా గుర్తించారు. 2003లో దాని వివరాలు వెలువడ్డాయి.

మన వంకాయకు కూడా ఇటువంటి చుట్టం ఒకటి ఉంది. చిన్న చిన్న కాయలు గుత్తులుగా కాసే ముళ్ళమొక్క, మనవైపు కొందరు ఉస్తి అంటారు. మట్టి నుంచి వచ్చే వడలు తెగుళ్ళను బాగా తట్టుకొంటుంది. 1980ల చివర వంకాయ కణాలను దాని కణాలతో కలిపి మొక్కలు పెంచారు. తెగులును తట్టుకొన్నాయి కాని, గింజ పట్టడం దగ్గర చిక్కొచ్చింది. అందుకని రైతులకు ఇప్పటికీ సులువైన దారి ఉస్తి మొక్క మీద వంగను అంటుకట్టడమే. కొత్త పద్ధతి వచ్చిందని పాతది పనికిరాకుండా పోదు.

ఇప్పుడు మళ్ళీ ఆ అమ్మాయి ఆకు దగ్గరికి వస్తాను. వరి ఎండాకు తెగులుకు కణసంయోగం అక్కరలేకపోయింది. ఆఫ్రికాలోని మాలి దేశపు అడవి వరి ఒకటి ఈ తెగులును గట్టిగా తట్టుకొంటుందని కటక్‌లోని వరి పరిశోధన కేంద్రంలో తెలిసింది. దాని క్రోమోజోముల జట్టు మన వరి జట్టుతో కలుస్తుంది కనుక పుప్పొడితోనే సంకరం సాధ్యమైంది. ఆ జన్యువు పేరు ఎక్స్ఏ-21. కణం పైపొరలో కాపలా కాస్తూ బాక్టీరియాను ఆనవాలు పట్టే ప్రోటీనును అది తయారుచేస్తుంది.

ఒక్క కాపలాదారును బాక్టీరియా ఏనాటికైనా మోసం చేయవచ్చు. అందుకని ఎక్స్ఏ-5, ఎక్స్ఏ-13 అనే మరి రెండు నిరోధ జన్యువులనూ కలిపారు. పంజాబులో ఈ మూడూ కలిగిన వరి సిద్ధమైంది. దాని నుంచి మూడింటినీ సాంబ మసూరిలోకి తేవాలి, అన్నం రుచి మాత్రం మారకూడదు. సాంబ మసూరి బాపట్లలో పుట్టిన బి.పి.టి. 5204 అని మీకు తెలుసు కదా! సన్నబియ్యం, మంచి ధర, తెగులుకు మాత్రం సులువుగా లొంగుతుంది. మూడింటినీ తేవడంలో అసలు కష్టం ఏమిటంటే, రెండు జన్యువులు అంతర్గతమైనవి. మెండెల్ బఠానీల పాఠం గుర్తుందా? అంతర్గత లక్షణం సంకరంలో పైకి కనిపించదు. మొక్కను చూసి జన్యువు ఉందో లేదో చెప్పలేం. అందుకని ప్రతి తరంలోనూ మొలక నుంచి చిన్న ఆకుముక్క తీసి, డి.ఎన్.ఏ. గుర్తులతో పరీక్షించారు. జన్యువులున్న మొలకలనే ఉంచుకొని మళ్ళీ సాంబ మసూరితో సంకరం చేశారు. అలా నాలుగు తరాలు. అడవి వరి నుంచి వచ్చిన అక్కరలేని గుణాలన్నీ ఈ దారిలో జారిపోయాయి.

ఈ పని చేసినవారు రెండు సంస్థలవారు. ఒకటి రాజేంద్రనగర్‌లోని వరి పరిశోధన సంచాలక కార్యాలయం, ఇప్పటి భారతీయ వరి పరిశోధన సంస్థ. అక్కడ ఆర్.ఎం. సుందరం గారు. రెండోది సి.సి.ఎం.బి., అక్కడ రమేష్ సొంటి గారు. సి.సి.ఎం.బి. ఎక్కడుందో తెలుసా? తార్నాక నుంచి ఉప్పల్ వైపు వెళ్ళే రోడ్డు మీద! మెరుగుపరచిన సాంబ మసూరి 2008లో విడుదలైంది. అంటే 2006లో ఆ అమ్మాయి ఎండిన ఆకు చేతికిచ్చి నన్ను అడిగిన నాటికి, జవాబు నడిచి వెళ్ళేటంత దూరంలో మొలకెత్తుతూ ఉంది. మేము బస్సులో ఆ గేటు ముందు నుంచే తిరిగి వెళ్ళాం. నాకు తెలియదు. "ఎవరో ఒకరు చూస్తూ ఉంటారులే" అని మాత్రం అన్నాను. ఆ మాట ఆమెకు నచ్చలేదని ముఖం చూస్తే తెలిసింది.

కొన్నేళ్ళ తరువాత ఆ నాయిన సంతలో కలిస్తే ఈ విత్తనం సంగతి చెప్పాను. ఆయన అప్పటికే వేశాడట. బిడ్డ పేపర్లో చదివి చెప్పిందన్నాడు. "తెగులు రాలే. దోమ మాత్రం వచ్చింది సార్" అన్నాడు. ఆ మూడు జన్యువులూ బాక్టీరియాకు కాపలా కానీ దోమకు కాదు! సుడిదోమ వంటి రసం పీల్చే పురుగుల మీద ఉస్మానియా ఆవరణలోనే ఉన్న మొక్కల అణుజీవశాస్త్ర కేంద్రంవారు పనిచేశారు. వెల్లుల్లిలో ఉండే ఒక ప్రోటీనుకు సంబంధించిన జన్యువును వరిలో ప్రవేశపెట్టి, అటువంటి పురుగులను తట్టుకొంటుందని 2008లో చూపారు. వెల్లుల్లి, వరి పుప్పొడితో ఏనాడూ కలవవు కదా! అది ఇంకో రకంగా కంచె దాటడం. దాని సంగతి విడిగా రాయవలసినది.

చివరగా మీరు చేయడానికి ఒక ప్రయోగం. పైన ఆకుపచ్చ, కింద ఊదారంగు ఉండే రియో మొక్క మీ బడి తోటలోనో, పక్కింటి కుండీలోనో ఉంటుంది. ఆకును విరిచి అడుగుభాగపు ఊదారంగు పొరను చీల్చి, గాజుపలక మీద నీటిచుక్కలో పెట్టి సూక్ష్మదర్శినితో చూడండి. ప్రతి గదీ నిండా ఊదారంగే. ఇప్పుడు ఒక అంచు నుంచి ఉప్పునీళ్ళు చుక్క వేసి, రెండో అంచున అద్దుడు కాగితం ఆనించండి. నిమిషాల్లో ఊదారంగు గోడను వదిలి లోపలికి ముడుచుకొంటుంది. గోడ ఉన్నచోటే ఉంటుంది, లోపలి కణం గుండ్రంగా విడిపోతుంది. ప్రోటోప్లాస్టులు తీసేవారు ఎంజైము వేసేటప్పుడు కణాలు ఇలా ముడుచుకొనే ఉంటాయి. తరువాత మంచినీళ్ళ చుక్క అదే విధంగా వేసి, ఎన్ని గదులు తిరిగి నిండాయో లెక్కపెట్టి రాసుకోండి. ఉప్పునీళ్ళలో మరీ ఎక్కువసేపు ఉంచకండి. చచ్చిన కణం తిరిగి నిండదు.